చెట్టు చెవి: న్యూజీలాండ్ శిలీంధ్రాలు, క్యాన్సర్ వ్యాప్తి

న్యూజీలాండ్ ఉత్తర దీవికి పశ్చిమ తీరాన తరనాకి అనే ప్రాంతం ఉంది. 1870ల ప్రారంభంలో చ్యూ చాంగ్ అనే చైనా వర్తకుడు అక్కడికి చేరాడు. కాంటన్ ప్రాంతంలో పుట్టి, ఆస్ట్రేలియాలోని విక్టోరియా బంగారు గనులలో కొన్నేళ్ళు గడిపి, 1860లలో దక్షిణ దీవిలోని ఒటాగో గనుల ప్రాంతానికి వచ్చినవాడు. తవ్వకాలకన్నా వ్యాపారంలోనే తనకు బతుకు ఉందని గ్రహించి, చిల్లర సరుకులు అమ్ముకుంటూ, పాత ఇనుము కొనుక్కుంటూ ఉత్తరానికి సాగాడు.

తరనాకిలో అప్పుడు అడవులు కాలుతున్నాయి. 1860లలో జరిగిన యుద్ధాల తరువాత మావొరీ ప్రజల నుంచి ప్రభుత్వం జప్తు చేసిన భూములవి. బ్రిటన్ నుంచి వచ్చిన వలసదారులు ఆ భూముల్లో చెట్లు నరికి, నిప్పు పెట్టి, బూడిదలో గడ్డి విత్తనాలు చల్లి పచ్చిక బయళ్ళు చేస్తున్నారు. సగం కాలిన మోడుల మీద, తడిసి పడివున్న దుంగల మీద గోధుమరంగులో మెత్తగా, మనిషి చెవి ఆకారంలో ఒక శిలీంధ్రం గుంపులు గుంపులుగా మొలిచేది. వలసదారులకు అది అడవి కుళ్ళిపోతోందన్న సూచన. చ్యూ చాంగ్‌కు అది తన ఊరి వంటింట్లోని వస్తువు. చైనా భాషలో దాని పేరు 'ము అర్', అంటే చెట్టు చెవి. అక్కడ అది కూర, చారు, మందు కూడా.

ఎండబెట్టిన ఆ చెవులను ఆయన తూకం వేసి కొన్నాడు. కొన్నదానికి రొక్కం ఇచ్చాడు. ఊరి దుకాణాలు రైతు తెచ్చిన వెన్నకు బదులుగా సరుకులు మాత్రమే ఇచ్చే ఆ రోజుల్లో చేతికి వచ్చే నాణెం పెద్ద విషయం. పిల్లలతో సహా కుటుంబాలు అడవిలోకి వెళ్ళి శిలీంధ్రాలు ఏరుకొచ్చాయి. దానికి 'తరనాకి ఉన్ని' అని ముద్దుపేరు పెట్టారు. పొలం ఇంకా పంట ఇవ్వని తొలి సంవత్సరాల్లో ఎన్నో ఇళ్ళు ఆ ఉన్ని మీదనే నిలిచాయి. ఆ లాభంతోనే చ్యూ చాంగ్ 1887లో ఎల్తమ్ పట్టణంలో జూబిలీ పేరుతో వెన్న కర్మాగారం స్థాపించాడు. 1920లో ఆయన మరణించేనాటికి న్యూజీలాండ్ ఆయనను పాడి పరిశ్రమ ఆద్యులలో ఒకడిగా గుర్తించింది. శిలీంధ్రం సంగతి ఆ గౌరవానికి ముందుమాటగా మిగిలిపోయింది. అయితే వైద్య చరిత్ర దృష్టితో చూస్తే ఆ ముందుమాటే ఆసక్తికరమైనది. న్యూజీలాండ్ నుంచి పెద్దయెత్తున ఎగుమతి అయిన తొలి ఔషధ శిలీంధ్రం అదే అనవచ్చు. దాన్ని ఔషధంగా ఎంచింది మాత్రం కొన్నవాళ్ళు, ఏరినవాళ్ళు కాదు.

మావొరీలకు ఈ శిలీంధ్రం ముందే తెలుసు. వారి భాషలో దాని పేరు హకెకె. ఇతర తిండి దొరకనప్పుడు దాన్ని తినేవారు. పూతవ అనే పెద్ద బ్రాకెట్ శిలీంధ్రాన్ని ఎండబెట్టి నిప్పంటిస్తే మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఒక చోటి నుంచి మరో చోటికి నిప్పు మోసుకువెళ్ళడానికి దాన్ని వాడారు. మెత్తని ఆ పదార్థమే గాయాలకు దిండులా కూడా పనికివచ్చింది. నేలలోని గొంగళిపురుగును పట్టి, దాని శరీరాన్ని లోపలినుంచి తినేసి, తలమీదినుంచి కాడలా మొలిచే ఆఫెతో అనే శిలీంధ్రాన్ని కాల్చి, ఆ మసిని పచ్చబొట్టు రంగులో కలిపారు. ఆహారం, నిప్పు, గాయం, పచ్చబొట్టు: నమోదైన వాడుకలు ఇవి. ఈనాడు అంగడిలో కనిపించే కొన్ని సీసాల మీద 'ప్రాచీన విజ్ఞానం' అన్న మాట ముద్రించి, క్యాన్సర్‌ను చూచాయగా ప్రస్తావించడం కద్దు. ఈ శిలీంధ్రాల మీద మావొరీలు ఆ బరువు మోపలేదు.

భాష కూడా కొన్ని సంగతులు దాచి ఉంచుతుంది. తెలుగులో 'పుట్టగొడుగు' అన్న మాటలోనే చెదపురుగుల పుట్టకూ తొలకరికి దానిమీద లేచే గొడుగుకూ ఉన్న సంబంధం ఇమిడి ఉంది. జీవశాస్త్రం ఆ సంబంధాన్ని తరువాత ధ్రువపరిచింది. తినకూడనిది 'కుక్కగొడుగు' అయింది. ఏది తినాలో, ఏది వద్దో ఇలా అనుభవం నేర్పింది. అయితే తిన్న గంటకో పూటకో వచ్చే వాంతిని గుర్తించడానికి అనుభవం చాలు. అయిదేళ్ళ తరువాత ఊపిరితిత్తుల్లో తేలే కణితిని తిన్న పదార్థంతో ముడిపెట్టడానికి అది చాలదు.

క్యాన్సర్ వ్యాప్తి అంటే ఏమిటో ఇక్కడ కొంత చెప్పుకోవాలి. రొమ్ములోనో పేగులోనో పుట్టిన కణితిని కోసి తీసేయడం శస్త్రవైద్యుడికి చాలాసార్లు సాధ్యమే. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం మొదటి కణితి కాదు, అక్కడినుంచి బయలుదేరి కాలేయంలో, ఎముకల్లో, ఊపిరితిత్తుల్లో, మెదడులో స్థిరపడిన కణాలు. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీవెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల నివేదికలు చదివి, ఈ వ్యాప్తి యాదృచ్ఛికం కాదని తేల్చాడు. గింజ ఎటైనా ఎగురుతుంది, సరిపడే నేల దొరికినచోటనే మొలుస్తుంది అన్నది ఆయన ప్రతిపాదన సారాంశం. కణితి నుంచి విడిపోవడం, రక్తనాళంలోకి చొచ్చుకుపోవడం, ప్రవాహంలో బతికి ఉండటం, దూరాన మరో అవయవంలోకి దిగడం, అక్కడ వేరూనడం: కణానికి ఇవన్నీ కష్టమైన పనులే. వ్యాప్తిని ఆపే మందు ఈ దశల్లో ఏదో ఒకదాన్ని అడ్డుకోవాలి. కణాన్ని గాజు పళ్ళెంలో చంపినంత మాత్రాన ఆ పని జరిగినట్టు కాదు.

రక్తప్రవాహంలో బతికి ఉండే దశలో క్యాన్సర్ కణానికి ప్లేట్‌లెట్లు తోడ్పడతాయి. అవి కణాన్ని కవచంలా చుట్టుకుని రోగనిరోధక కణాల కంట పడకుండా కాపాడతాయి. ఎలుకల్లో ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గిస్తే వ్యాప్తి తగ్గుతుందని 1968లో గేబ్రియల్ గాసిక్ బృందం చూపింది. చెట్టు చెవి ఈ కథలోకి అనుకోని దారిన ప్రవేశించింది. 1980లో అమెరికాలోని మినెసోటాలో డేల్ హామర్‌ష్మిట్ అనే రక్తవ్యాధుల వైద్యుడు ప్రయోగశాలలో పరీక్ష కోసం తన రక్తాన్నే వాడుకోగా, అందులోని ప్లేట్‌లెట్లు ఎప్పటిలా గుమికూడలేదు. ముందురోజు సాయంత్రం ఏం తిన్నాడో వెతుక్కుంటే, ఒక చైనా భోజనశాలలో తిన్న కారపు కూర, అందులోని నల్ల చెట్టు చెవి బయటపడ్డాయి. ఆ గమనికను ఆయన న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ప్రచురించాడు. చ్యూ చాంగ్ బస్తాల్లో చైనాకు వెళ్ళినది ఆ కుటుంబానికే చెందిన శిలీంధ్రం.

ఇక్కడ ఒక ఉత్సాహవంతుడు గీత గీయడం చాలా సులభం: శిలీంధ్రం ప్లేట్‌లెట్లను అడ్డుకుంటుంది, ప్లేట్‌లెట్లు వ్యాప్తికి తోడ్పడతాయి, కాబట్టి శిలీంధ్రం వ్యాప్తిని ఆపుతుంది. ఈ మూడు వాక్యాల్లో మొదటి రెండూ నిజాలే. మూడవది నిజం కావాలంటే ఎంత మోతాదులో, ఎంతకాలం, ఏ దశలోని రోగికి, ఎంత రక్తస్రావం ప్రమాదంతో అన్న ప్రశ్నలకు జవాబులు కావాలి. శిలీంధ్ర సారాలూ క్యాన్సరూ అనే అధ్యాయమంతా చాలావరకు ఇలాంటి మూడో వాక్యాలతో నిండి ఉంది.

ఆ అధ్యాయాన్ని గట్టిగా మొదలుపెట్టినది జపాన్. 1969లో టోక్యోలోని ఇకెకావా బృందం తినే పుట్టగొడుగుల వేడినీటి సారాలు ఎలుకల్లో సార్కోమా 180 అనే కణితిని తగ్గిస్తాయని ప్రకటించింది. అదే సంవత్సరం చిహారా బృందం షియిటాకే నుంచి లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను వేరుచేసింది. ఈ పొడవైన చక్కెర గొలుసులు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. రోగనిరోధక వ్యవస్థను మేల్కొలుపుతాయి. మన తెల్లకణాల మీద వాటిని పట్టుకునే డెక్టిన్-1 అనే గ్రాహకాన్ని 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ బ్రౌన్, సైమన్ గోర్డన్ గుర్తించడంతో ఆ ఊహకు ఒక ఆధారం దొరికింది. సార్కోమా 180 ప్రయోగాల్లో ఒక చిక్కు ఉంది. ఆ కణితిని సాధారణంగా జన్యుపరంగా దానికి పరాయి అయిన ఎలుకల్లో నాటుతారు. పరాయి కణజాలాన్ని తిరస్కరించడం నిరోధక వ్యవస్థకు స్వభావసిద్ధం. దానికి కాస్త ఊతమిస్తే కణితి కరుగుతుంది. రోగి సొంత శరీరంలో పుట్టిన కణితి మీద ఆ సౌలభ్యం ఉండదు.

అయినా జపాన్ అక్కడితో ఆగలేదు, దాని గొప్పతనం అందులోనే ఉంది. టర్కీ టెయిల్ అనే రంగురంగుల బ్రాకెట్ శిలీంధ్రం నుంచి తీసిన పీఎస్‌కే 1977లో, లెంటినాన్ 1985లో అక్కడ అధికారిక మందులయ్యాయి. మొదటిది నోటి ద్వారా, రెండవది నరంలోకి ఎక్కించడానికి. రెండూ కీమోథెరపీకి తోడుగా ఇచ్చేవే, దానికి బదులుగా కాదు. 1994లో లాన్సెట్‌లో వచ్చిన నకజాతో బృందం పరిశీలనలో జీర్ణకోశ క్యాన్సర్‌ను పూర్తిగా కోసి తీసేసిన 262 మంది పాల్గొన్నారు. కీమోథెరపీతోపాటు పీఎస్‌కే తీసుకున్నవారిలో అయిదేళ్ళకు 73 శాతం, కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో 60 శాతం జీవించి ఉన్నారు. వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 70.7 శాతం, 59.4 శాతం. శిలీంధ్ర సారం వ్యాప్తిని, పునరాగమనాన్ని ఆపగలదన్న ఆశకు మనుషుల్లో దొరికిన బలమైన ఆధారాల్లో ఇది ఒకటి. ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్ష కాదన్నది దాని బలహీనత. తరువాత 2016లో ప్రచురితమైన మరో జపాన్ పరీక్షలో కోతకు వీలుకాని జీర్ణకోశ క్యాన్సర్ రోగులు 309 మందికి ఎస్-1 అనే మందును ఒక్కదాన్నిగానో, లెంటినాన్‌తో కలిపో ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం మందు ఒక్కటే తీసుకున్నవారిలో 13.8 నెలలు, లెంటినాన్ కలిపినవారిలో 9.9 నెలలు. ఈ తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదు గాని, లాభం లేదన్నది మాత్రం స్పష్టం. 2010ల చివరికల్లా రెండు మందులూ జపాన్ అంగడి నుంచి నిష్క్రమించాయి. పుట్టినచోట మందు హోదా పోగొట్టుకున్న పదార్థాలు ఇతర దేశాల్లో ఆహార అనుబంధాలుగా కొత్త జీవితం గడుపుతున్నాయి.

టర్కీ టెయిల్ న్యూజీలాండ్‌లోనూ మోడుల మీద విరివిగా మొలుస్తుంది. గానోడెర్మా జాతి శిలీంధ్రాలూ అక్కడ ఉన్నాయి. కాని చైనా వైద్యంలో లింగ్‌జీగా పూజలందుకునే రకం, న్యూజీలాండ్ అడవిలో చెట్టుకు అరలా పెరిగే రకం ఒకటి కావు. ఈ తేడాలు తేల్చడమే ఒక జీవితకాలపు పని అని గోర్డన్ హెరియట్ కన్నింగ్‌హామ్ చరిత్ర చెబుతుంది. గలీపలీ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన ఈయన న్యూజీలాండ్ శిలీంధ్రశాస్త్రానికి పునాదులు వేశాడు. అక్కడి పాలీపోర్ల మీద ఆయన రాసిన బృహద్గ్రంథం ఆయన పోయిన మూడేళ్ళకు, 1965లో వెలువడింది. మందుగా మారడానికి ముందు ప్రతి శిలీంధ్రానికీ సరైన పేరు ఉండాలి. పొడిగా మారి క్యాప్స్యూల్‌లోకి చేరాక పేరును పట్టుకోవడం కష్టం.

గానోడెర్మా గురించి వ్యాప్తికి నేరుగా సంబంధించిన ప్రయోగాలు కొన్ని అమెరికాలో జరిగాయి. ఇండియానాపొలిస్‌లోని డేనియల్ స్లివా బృందం గాజు పళ్ళెంలో రొమ్ము క్యాన్సర్ కణాలు పొరను చొచ్చుకుపోవడాన్ని ఈ సారం తగ్గిస్తుందని చూపింది. 2014లో ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు రొమ్ములోని మూల కణితి పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా, ఊపిరితిత్తులకు పాకడం తగ్గిందని నివేదించింది. ఇది ఆలోచించదగ్గ ఫలితం. మూల కణితిని చంపకుండా ప్రయాణాన్ని మాత్రమే ఆపే పదార్థం సాధారణ పరీక్షల్లో పనికిరానిదిగా తేలిపోయే అవకాశం ఉంది. మనుషుల్లో జరిగిన పరీక్షలను సమీక్షించిన కోక్రేన్ నివేదికకు మాత్రం అర్హమైన అధ్యయనాలు అయిదే దొరికాయి, వాటిలో మొత్తం 373 మంది. గానోడెర్మాను క్యాన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడటానికి ఆధారం లేదని, ఇతర చికిత్సకు తోడుగా పరిశీలించవచ్చని ఆ సమీక్ష తేల్చింది.

న్యూజీలాండ్ సొంత శిలీంధ్రాల వంతు ఈమధ్యే వచ్చింది. పెకెపెకెకియోరె అనేది తెల్లని పగడంలాగా, వేలాడే మంచుసూదుల్లాగా పెరిగే అందమైన పుట్టగొడుగు. ఆసియాలో ప్రసిద్ధమైన లయన్స్ మేన్ దీనికి దగ్గరి బంధువు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో గ్రేస్ చెన్, కరెన్ బిషప్, సూ యంగ్ క్వెక్ తదితరులు, శిలీంధ్రశాస్త్రవేత్త పీటర్ బుకానన్ సహకారంతో, దీని సారాలను మూడు రకాల ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. సారాలు ఆ కణాల పెరుగుదలను తగ్గించాయి. కణమరణానికి, వాపుకు సంబంధించిన కొన్ని జన్యువుల తీరు మారింది. నిజాయితీగా చేసిన, నిజాయితీగా రాసిన పని. అది కణాల పెరుగుదల గురించినది, వ్యాప్తి గురించినది కాదు. పళ్ళెంలోని కణానికి సారం నేరుగా తగులుతుంది. మనిషిలో అది జీర్ణాశయం దాటాలి, పేగు దాటాలి, కాలేయం దాటాలి, ఆ తరువాత ఎంత మిగిలిందన్నది లెక్క.

ఎలుక నుంచి మనిషికి మధ్య ఉన్న అగాధం ఆక్లాండ్‌కు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదేమో. అక్కడి క్యాన్సర్ పరిశోధనశాలలో బ్రూస్ కెయిన్ 1970లలో తయారుచేసిన ఆమ్‌సాక్రిన్ రక్త క్యాన్సర్‌కు మందు అయింది. ఆ పరంపరలోనే బిల్ డెన్నీ, బ్రూస్ బాగ్లీ బృందాలు డీఎమ్‌ఎక్స్‌ఏఏ అనే అణువును రూపొందించాయి. ఎలుకల్లో అది కణితి రక్తనాళాలను కూల్చివేసింది, నిరోధక వ్యవస్థను లేపింది. వ్యాప్తి చెందిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల చిన్న పరీక్షలో కీమోథెరపీతో కలిపి ఇచ్చినప్పుడు మధ్యస్థ జీవితకాలం 8.8 నెలల నుంచి 14 నెలలకు పెరిగినట్టు కనిపించింది. పెద్ద పరీక్షలో 1,299 మంది చేరారు. 2010లో దాన్ని ఆపేశారు, లాభం లేదు. కారణం 2013లో గాని తెలియలేదు. ఆ అణువు ఎలుకలోని స్టింగ్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని పనిచేస్తుంది, మనిషిలోని అదే ప్రొటీన్‌కు అతుక్కోదు. తాళంచెవి సరైనదే, తలుపు వేరు. రసాయన నిర్మాణం అణువణువునా తెలిసి, కొలతలతో ఇచ్చిన మందుకే ఇలా జరిగితే, వందల పదార్థాల మిశ్రమమైన సారం గురించి ఎలుక చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి?

అదే దేశంలో మరో కథ వేరే విధంగా ముగిసింది. అది శిలీంధ్రం కాదు, సముద్రపు స్పంజిక. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు హిరాతా, ఉయెమురా 600 కిలోల స్పంజికల నుంచి 12.5 మిల్లీగ్రాముల హాలికాండ్రిన్ బి తీశారు. క్యాన్సర్ కణాల మీద అది అద్భుతంగా పనిచేసింది, కాని మనుషులకు సరిపడా ఎక్కడినుంచి తేవాలి? దక్షిణ దీవిలోని కైకోరా తీరాన లోతు నీళ్ళలో పెరిగే మరో స్పంజికలో అదే పదార్థం ఉందని క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలోని మర్రే మన్రో, జాన్ బ్లంట్ బృందం కనుగొంది. ఒక టన్ను స్పంజిక తోడితే దొరికింది సుమారు 300 మిల్లీగ్రాములు, అంటే ఒక మాత్రలో పట్టేంత. ఆ కొద్దిపాటి పదార్థమే తదుపరి పరీక్షలకు ప్రాణం పోసింది. హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం 1992లో ఆ అణువును కృత్రిమంగా నిర్మించడంతో దారి తెరుచుకుంది. దానిలో పనిచేసే సగభాగాన్ని ఆధారం చేసుకుని ఎరిబులిన్ తయారైంది. వ్యాప్తి చెందిన రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న 762 మంది స్త్రీలలో జరిగిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 10.6 నెలల నుంచి 13.1 నెలలకు పెరిగింది. 2010 నవంబరులో అమెరికా అనుమతి లభించింది. రెండున్నర నెలలు తక్కువే అనిపించవచ్చు. అప్పటికే అన్ని మందులూ వాడి చూసిన స్త్రీలకు అవి నిజమైన రెండున్నర నెలలు.

సారం నుంచి అణువుకు చేసిన ఇలాంటి ప్రయాణం తెలుగువారికి కొత్త కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కాలేయ సారంతో మొదలుపెట్టి ఫోలిక్ ఆమ్లం దాకా వెళ్ళాడు. రక్తహీనతకు మేలుచేసిన ఆ పదార్థపు రూపాలను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇస్తే వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకుంది. పోషకం క్యాన్సర్‌నూ పోషించింది. దాన్ని తిరగేసి, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. దాని వారసుడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. సారంగానే మిగిలిపోయివుంటే ఏది మేలు చేస్తోందో, ఏది కీడు చేస్తోందో ఎవరికీ తెలిసేది కాదు. 'సహజమైనది కదా, హాని ఏముంది' అనేవారు ఆ పిల్లల సంగతి ఒకసారి తలుచుకోవాలి.

రోగి వైపునుంచి చూస్తే ఈ ఓపిక అంతా నిర్దయగా కనిపిస్తుంది. వ్యాప్తి చెందిందని చెప్పిన రోజున ఎవరూ 20 సంవత్సరాల పరీక్షల కోసం వేచి ఉండలేరు. ఆ ఆత్రుత ఎంత దూరం తీసుకువెళ్తుందో న్యూజీలాండ్ 1970లలో చూసింది. ఆక్లాండ్ ఆసుపత్రిలో పనిచేసిన మిలాన్ బ్రిక్ తన దగ్గర క్యాన్సర్‌కు ప్రత్యేక చికిత్స ఉందని చెప్పాడు. అందులో ఏముందో బయటపెట్టలేదు. వైద్యుల రిజిస్టర్ నుంచి పేరు తొలగాక 1977లో కుక్ దీవులకు మకాం మార్చాడు. రోగులు విమానాల్లో రరోటొంగాకు వెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు, సమాధులు అక్కడే ఉన్నాయి. 1983లో కాలిఫోర్నియా న్యాయస్థానం ఆయనకు శిక్ష విధించింది. ఆయన ఇచ్చినది శిలీంధ్రం కాదు. కాని ఏ పదార్థమో, ఎంత మోతాదో చెప్పని చికిత్సను నమ్మడమెలాగన్న ప్రశ్న మాత్రం అదే.

చట్టం ఈ విషయంలో సగం దూరమే వచ్చింది. న్యూజీలాండ్‌లో పుట్టగొడుగు క్యాప్స్యూళ్ళు 1985 నాటి ఆహార అనుబంధాల నిబంధనల కిందకు వస్తాయి. వాటిమీద వ్యాధి నయం చేస్తామని రాయకూడదు. 1981 ఔషధ చట్టం కూడా అలాంటి ప్రకటనలను నిషేధిస్తుంది. మందుల్లా ముందస్తు పరీక్షకు మాత్రం అవి నిలబడనక్కరలేదు. ఈ వ్యవస్థను మార్చాలని 2023లో తెచ్చిన చికిత్సా ఉత్పత్తుల చట్టాన్ని తరువాతి ప్రభుత్వం 2024లో రద్దు చేసింది. కాబట్టి భారం మళ్ళీ రోగి, వైద్యుడి సంభాషణ మీదే పడింది. ఆ సంభాషణ తరచుగా జరగదు. డాక్టరు కోప్పడతాడని రోగి చెప్పడు, చెప్పలేదు గనుక వైద్యుడు అడగడు. రక్తం పలచబడే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు, ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేసే కీమోథెరపీలో ఉన్నవారు శిలీంధ్ర సారాలు తీసుకుంటుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. హామర్‌ష్మిట్ ఒక్క పూట కూరతోనే తన రక్తంలో ఆ తేడా చూశాడు.

మరొక ప్రశ్న యాజమాన్యానిది. వై 262 అనే సంఖ్యతో 1991లో మావొరీలు వైతంగీ ట్రిబ్యునల్ ముందు ఒక దావా వేశారు. స్వదేశీ వృక్ష జంతుజాలం మీద, వాటి గురించిన తమ విజ్ఞానం మీద తమకున్న హక్కులను గుర్తించాలన్నది అందులోని కోరిక. ట్రిబ్యునల్ నివేదిక వెలువడటానికి 20 సంవత్సరాలు పట్టింది. 2011లో వచ్చిన ఆ నివేదిక, ఈ జీవరాశులను పరిశోధనకో వ్యాపారానికో వాడుకునేటప్పుడు వాటి సంరక్షకులైన మావొరీల మాటకు చోటుండాలని సిఫారసు చేసింది. చ్యూ చాంగ్ కాలంలో హకెకె మొలిచిన మోడు ఎవరి నేలమీద ఉందని ఎవరూ అడగలేదు. రేపు పెకెపెకెకియోరె నుంచి ఒక అణువు బయటపడితే ఆ ప్రశ్న తొలిరోజే ఎదురవుతుంది.

ఆక్లాండ్‌లో మనాకి ఫెనువా పరిశోధనసంస్థ ఏర్పరచిన సూక్ష్మజీవుల భాండాగారంలో వేల శిలీంధ్రాలను పేరు, సేకరించిన చోటు నమోదు చేసి సజీవంగా భద్రపరిచారు. వాటిని పెంచి, మొండి బాక్టీరియాను చంపే పదార్థాల కోసం ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో సూజీ వైల్స్ బృందం వరసగా జల్లెడ పడుతూ వచ్చింది. బాక్టీరియా చస్తోందా లేదా అన్నది ఒక రాత్రిలో తెలుస్తుంది. ఒక కణం తన చోటు విడిచి వెళ్ళకుండా ఆగిందా అని తెలుసుకునే పరీక్ష అంతకన్నా నెమ్మదైనది, ఖరీదైనది. పొరను దాటే కణాలను లెక్కపెట్టాలి, ఆ తరువాత నెలల తరబడి ఎలుకల ఊపిరితిత్తులు చూడాలి, ఆ తరువాత ఎలుకలో దొరికిన లక్ష్యం మనిషిలో ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి. డీఎమ్‌ఎక్స్‌ఏఏ విషయంలో చివర తెలిసిన ఆ సంగతిని మొదటే వెతకడానికి ఇప్పుడు సాధనాలు ఉన్నాయి.